నీటికి హద్దు గీసిన ఇంజనీరు

గిద్దలూరు ప్రాంతంలో మోక్షగుండం అనే గ్రామం ఉంది. పూర్వం అక్కడి నుండి మైసూరు సీమకు తరలివెళ్లిన ఒక తెలుగు కుటుంబం ఆ ఊరిపేరునే ఇంటిపేరుగా నిలుపుకొన్నది. ఆ వంశంలో, ముద్దెనహళ్లిలో జన్మించినవారే విశ్వేశ్వరయ్య. బాల్యంలోనే తండ్రిని కోల్పోయిన ఆయన బెంగుళూరులో పిల్లలకు పాఠాలు చెప్పుకొంటూ చదివి, 1881లో పట్టభద్రులయ్యారు. అనంతరం పుణెలో ఇంజనీరింగు విద్య ముగించి, 1884లో బొంబాయి ప్రభుత్వపు ప్రజాపనుల శాఖలో చేరారు.

ఆయన పేరు వినగానే కృష్ణరాజసాగరం గుర్తుకు వస్తుంది. 1908 నాటి మూసీ వరద తరువాత హైదరాబాదు రక్షణకు ఆయన రచించిన ప్రణాళికా సుప్రసిద్ధమే. అంతగా ప్రచారానికి నోచుకోని కార్యం మరొకటి దక్కను చెరకు పొలాలలో జరిగింది.

1876-78 నాటి ఘోరక్షామం తరువాత పుణె జిల్లాలో నీరా ఎడమ కాలువ నిర్మాణమై, 1885లో ప్రారంభమైంది. పైర్లను కరవు నుండి కాపాడటమే దాని ఆశయం. కాని నీరు రాగానే కాలువ చేరువ రైతులు చెరకు వైపు మొగ్గారు. లాభం తెచ్చే పంట అది. ఏడాది మొదలు ఏడాదిన్నర దాకా నేలలో నిలిచి, అంతకాలమూ తడులు కోరే పంట కూడా. నీటి తీరువా పంట విస్తీర్ణాన్ని బట్టియే గాని వాడిన నీటిని బట్టి కాదు. ఇక పొదుపు చేయాలని ఎవరికి తోస్తుంది? నల్లరేగడి నీటిని పట్టి ఉంచుతుంది, సులభంగా కిందికి వదలదు. భూగర్భ జలమట్టం ఏటేటా పైకి వచ్చింది. నేలలోని లవణాలు ఆ ఊటలో కరిగి పైకి ఎగబాకాయి. ఎండకు నీరు ఆవిరి కాగా తెల్లని పొరగా మిగిలాయి. చౌడు ఏర్పడే తీరు ఇదే. బీటలువారిన పొలం ఒక మంచి వానకు కోలుకుంటుంది. చౌడుబారిన పొలంలో విత్తనమే మొలవదు. ఇక్కడ నీరు ఇలా నేలను చెరుస్తూ ఉండగా, కాలువ చివరి గ్రామాలకు ఆ నీరే అందలేదు.

1899లో పుణెలో నీటిపారుదల బాధ్యతలు స్వీకరించిన విశ్వేశ్వరయ్య దీనికి బ్లాకు పద్ధతిని ప్రవేశపెట్టారు. కాలువ నీటిని అనేక గ్రామాలకు పంచి, ప్రతి గ్రామంలో కొంత భూమిని బ్లాకుగా ఏర్పరచారు. అందులో సుమారు మూడోవంతులోనే చెరకు వేయాలి. తక్కిన భాగంలో తక్కువ నీటి పైర్లు ఉండాలి. పంటలు మారుతూ రావాలి. తమ చెరకు తగ్గిపోతుందని రైతులు వ్యతిరేకించారు. ఆయన వారిని సమావేశపరచి, ఓర్పుతో నచ్చజెప్పారు. 1901-03 నాటి భారత నీటిపారుదల సంఘం ఈ విధానాన్ని మెచ్చుకొన్నది.

అయితే ఈ పద్ధతి నీటికి హద్దు గీసింది గాని, అప్పటికే నేలలో చేరిన ఊటను తొలగించలేకపోయింది. 1910లో హెరాల్డ్ మాన్, తమ్హనే అనే శాస్త్రజ్ఞులు నీరా లోయ చౌడునేలలను పరిశీలించి నివేదిక ప్రకటించారు. తరువాత దక్కనులో లోతైన మురుగు కాలువలు తవ్వవలసి వచ్చింది. నీరు పెట్టే కాలువతోనే నీరు తీసే కాలువనూ తలపెట్టి ఉంటే ఎన్నో పొలాలు దక్కేవి.

విశ్వేశ్వరయ్య 1912 నుండి 1918 వరకు మైసూరు దివానుగా పనిచేశారు. 1955లో భారతరత్న అందుకొని, 1962 ఏప్రిల్‌లో కన్నుమూశారు. కృష్ణరాజసాగరం నుండి మండ్య చెరకు పొలాలకు నీరందించే కాలువ నేడు ఆయన పేరుతోనే పారుతున్నది. ఆ ఆయకట్టులోనూ పల్లపు నేలలలో చౌడు తలెత్తింది.