స్పిట్‌ఫైర్ చక్రాల నుంచి పాపాయి బండి దాకా

ఎయిర్‌పోర్టులో బోర్డింగ్ గేటు దగ్గర ఎప్పుడైనా గమనించారా? ఓ అమ్మ చంకలో పాప, భుజాన బ్యాగు. క్యూ కదలగానే పాప కూర్చున్న స్ట్రోలర్‌ను కాలితో ఒక తట్టు, చేత్తో ఒక తోపు. అంతే, బండి కాస్తా గొడుగులా ముడుచుకుపోతుంది. శంషాబాద్ నుంచి అమెరికా విమానమెక్కే మన కుటుంబాల్లో ఇది రోజూ కనిపించే సీనే. అందుకే ఆ ముడుపు వెనక ఎవరున్నారని మనం ఎప్పుడూ అడగం.

దాని వెనక ఉన్నది బొమ్మల కంపెనీ కాదు, పిల్లల వస్తువుల వ్యాపారీ కాదు. యుద్ధవిమానాల మీద పనిచేసిన ఓ ఏరోనాటికల్ ఇంజినీర్. పేరు ఓవెన్ ఫిన్లే మెక్‌లారెన్. ఫార్ములా వన్ కార్ల మెక్‌లారెన్ అనుకుంటున్నారేమో, కాదు. అది న్యూజిలాండ్ రేసర్ బ్రూస్ మెక్‌లారెన్ పెట్టిన టీమ్. ఇంగ్లిష్ స్పెల్లింగ్ కూడా వేరే. మన మెక్‌లారెన్ చేసిన బండికి ఇంజినే లేదు. అయినా ప్రపంచమంతా తిరిగింది.

మీరు మెకానికల్, ఏరోనాటికల్ లాంటి కోర్ బ్రాంచ్ చదివి, ఉద్యోగం మాత్రం ఇంకెక్కడో వచ్చి, నాలుగేళ్ల చదువు గంగలో కలిసిందా అని బెంగపడుతుంటే ఈ కథ మీకోసమే.

నేల మీద అవసరం, గాలిలో భారం

మెక్‌లారెన్ 1907లో ఇంగ్లండ్‌లోని ఎసెక్స్ కౌంటీలో, శాఫ్రన్ వాల్డెన్ అనే ఊళ్లో పుట్టారు. విమానాలు డిజైన్ చేయడమే కాదు, టెస్ట్ పైలట్‌గా వాటిని నడిపారు కూడా. డ్రాయింగ్ బోర్డు మీద గీసిన గీత గాల్లోకి వెళ్లాక ఎలా ప్రవర్తిస్తుందో సీట్లో కూర్చుని తెలుసుకునే అవకాశం ఎంతమంది ఇంజినీర్లకు దొరుకుతుంది చెప్పండి?

ఆయన పేరు చెప్పగానే అందరికీ గుర్తొచ్చే విమానం స్పిట్‌ఫైర్. 1936 మార్చి 5న మొదటిసారి ఎగిరి, రెండో ప్రపంచయుద్ధంలో బ్రిటన్‌కు పెట్టనికోటగా నిలిచిన ఫైటర్ అది. మొత్తమ్మీద 20 వేలకు పైగా తయారయ్యాయి. ఆ విమానం డిజైన్ సూపర్‌మెరైన్ సంస్థలో ఆర్.జె. మిచెల్, ఆయన టీమ్ చేసిన పని. దాని అండర్‌క్యారేజ్, అంటే నేల మీద విమానాన్ని మోసే చక్రాలు, వాటి కాళ్ల మీద పనిచేసిన ఇంజినీర్‌గా మెక్‌లారెన్‌కు గుర్తింపు ఉంది.

అండర్‌క్యారేజ్ అంటే ఏముందిలే, నాలుగు రాడ్లు, రెండు చక్రాలు అనుకోకండి. అది విమానంలోకెల్లా విచిత్రమైన భాగం. టేకాఫ్‌లో, ల్యాండింగ్‌లో కాసేపే పని. ఆ కాసేపట్లో టన్నుల బరువును, నేలను తాకినప్పటి దెబ్బను మోయాలి. విమానం పైకి లేచిందా, ఇక అది ఉత్త భారం. బయట వేలాడితే గాలికి అడ్డం. కాబట్టి మడిచి లోపల పెట్టేయాలి. స్పిట్‌ఫైర్‌కి రెక్కలు బాగా పల్చన. చక్రాల కాళ్లు బయటివైపు మడుచుకుని ఆ పల్చటి రెక్కల్లోనే దూరాలి. మళ్లీ తెరిచినప్పుడు గట్టిగా లాక్ అవ్వాలి. మధ్యలో ఒరిగితే పైలట్ ప్రాణమే పోవచ్చు.

మెక్‌లారెన్ అక్కడితో ఆగలేదు. పక్కగాలి బలంగా వీస్తున్నప్పుడు విమానం ముక్కు ఓవైపు, వెళ్లే దారి మరోవైపు ఉంటాయి. అలాగే దిగితే చక్రాలు అడ్డంగా ఈడ్చుకుపోతాయి. చక్రాలనే రన్‌వే దిశకు తిప్పి పెట్టుకోగలిగితే? ఆ ఆలోచనతో ఆయన తయారుచేసిన ఏర్పాటు మెక్‌లారెన్ అండర్‌క్యారేజ్ అనే పేరుతోనే విమానరంగానికి తెలుసు.

తేలిగ్గా ఉండాలి, దెబ్బకు తట్టుకోవాలి, మడిస్తే కనిపించకూడదు. ఈ మూడు షరతులతో ఆయన ఏళ్ల తరబడి కుస్తీ పట్టారు. ఆ కుస్తీ ఎక్కడ అక్కరకొచ్చిందో చూడండి.

తాతయ్యకు దొరికిన ప్రాబ్లమ్

1960ల నాటికి మెక్‌లారెన్ ఇంగ్లండ్ మధ్య ప్రాంతంలో, నార్తాంప్టన్‌షైర్ కౌంటీలోని బార్బీ అనే పల్లెలో ఉండేవారు. అవును, ఊరి పేరు వింటే బొమ్మ పేరులాగే ఉంటుంది. ఆయన కంపెనీ ఆండ్రూస్ మెక్‌లారెన్ విమాన విడిభాగాలు తయారుచేసేది. గ్యాడబౌట్ అనే మడత కుర్చీ కూడా చేసింది.

ఆ రోజుల్లో కూతురు తన చంటిబిడ్డతో విమానంలో ప్రయాణించి ఇంటికొచ్చింది. మెక్‌లారెన్‌కు తొలి మనవ సంతానం. బిడ్డ వచ్చిన సంతోషంతో పాటు ఆ అమ్మ పడ్డ అవస్థ కూడా ఇంట్లోకొచ్చింది. బిడ్డ కంటే బిడ్డ బండి మోయడమే కష్టమైపోయింది మరి.

అప్పటి ప్రామ్‌లు ఎలా ఉండేవో పాత ఇంగ్లిష్ సినిమాల్లో చూసే ఉంటారు. పెద్ద చక్రాలు, లోతైన తొట్టి, పైన టాపు. వాటి పుట్టుకే జమీందారీ పుట్టుక. 1733లో విలియం కెంట్ అనే డిజైనర్ డెవన్‌షైర్ డ్యూక్ పిల్లల కోసం చిన్న జంతువు లాగే బండి చేశారు. పిల్లల బండ్ల చరిత్రను అక్కడి నుంచే మొదలుపెడతారు. 1877లో మొదలైన సిల్వర్ క్రాస్ లాంటి బ్రిటిష్ కంపెనీలు ప్రామ్‌ను ఇంటి హోదాకు గుర్తుగా మార్చాయి. పార్కులో ఆయా తోసుకెళ్లడానికి బాగానే ఉండేది. మెట్లెక్కాలన్నా, బస్సెక్కాలన్నా, విమానంలో వేయాలన్నా చుక్కలు చూపించేది.

పిల్లల తల్లులు ఆ చుక్కలు ఏళ్లుగా చూస్తూనే ఉన్నారు. అది ఇంజినీరింగ్ సమస్య అని మాత్రం చాలామందికి తట్టలేదు. మెక్‌లారెన్‌కు తట్టింది. ఎందుకంటే ఆయనకిది పాత సమస్యే. పాప కూర్చున్నంతసేపు కావాలి, పాపను ఎత్తుకున్నాక భారం. స్పిట్‌ఫైర్ చక్రాల కథ ఇదే కదా!

కాలితో తట్టు, చేత్తో తోపు

మెక్‌లారెన్ చెక్క తొట్టిని, బరువైన ఇనుప ఫ్రేమును పక్కనపెట్టేశారు. విమానాలవాళ్లకు చిరపరిచితమైన అల్యూమినియం గొట్టాలు తీసుకున్నారు. తొట్టి స్థానంలో గుడ్డ సీటు వేలాడదీశారు. మన ఇళ్లలో దూలానికి కట్టే చీర ఉయ్యాల గుర్తుందా? అందులో పలకలుండవు, పరుపుండదు. గుడ్డే లాగుడును తట్టుకుంటూ బిడ్డను మోస్తుంది. ఇక్కడా అంతే. లాగుడు గుడ్డది, నొక్కుడు గొట్టాలది. ఎవరి పని వాళ్లు చేస్తే బరువు దానంతటదే తగ్గుతుంది.

ఇక అసలు కిటుకు మడతలో ఉంది. మామూలు మడత కుర్చీ ఒక దిశలోనే ముడుచుకుంటుంది. ముడిచాక కూడా పలకలా వెడల్పుగానే ఉంటుంది. మెక్‌లారెన్ బండి గొట్టాలు కత్తెరలా ఒకదాన్నొకటి దాటుతూ కీళ్లతో కలిసి ఉంటాయి. దాంతో ముందు–వెనకలు, కుడి–ఎడమలు ఒకేసారి దగ్గరకొస్తాయి. చివరికి మిగిలేది ఒక సన్నటి కట్ట. పైన రెండు వంపు పిడులు. చూడ్డానికి గొడుగే. అందుకే ఈ తరహా బండ్లకు అంబ్రెల్లా స్ట్రోలర్ అనే పేరు స్థిరపడింది.

తెరిచినప్పుడు మాత్రం ఇదే బండి కదలకుండా నిలబడాలి. అందుకు వెనకాల అడ్డంగా ఓ మడత పట్టీ ఉంటుంది. పాదంతో నొక్కితే అది నిటారై గొట్టాలన్నింటినీ బిగించేస్తుంది. అండర్‌క్యారేజ్ తెరుచుకుని లాక్ అయినట్టన్నమాట.

1965 జులై 20న పేటెంటుకు దరఖాస్తు చేశారు. అప్పటికి ఆయన వయసు 60కి దగ్గరపడింది. బి–01 అని పిలిచే తొలి మోడల్ బరువు సుమారు 2.7 కిలోలు. అంటే మన దగ్గర అప్పుడే పుట్టిన పాపాయి ఎంత ఉంటుందో బండీ ఇంచుమించు అంతే. ఒక చేత బిడ్డ, ఒక చేత బండి. అమ్మకు ఇక మూడో చేయి అక్కర్లేదు.

గుర్రపుశాలలో స్టార్టప్

గ్యారేజీలో పుట్టిన కంపెనీల కథలు మనకు కంఠతా వచ్చు. మెక్‌లారెన్ బగ్గీ మాత్రం ఇంటి పక్కనున్న పాత గుర్రపుశాలలో పుట్టింది. గుర్రాలు కట్టేసే చోటును వర్క్‌షాపుగా మార్చి 1967లో తయారీ మొదలుపెట్టారు. తొలి ఏడాది అమ్ముడుపోయినవి వెయ్యి దాకా. పదేళ్లు తిరిగేసరికి ఉత్పత్తి ఏటా లక్షల్లోకి చేరింది.

ఎందుకంత డిమాండ్? బండి బాగుండటం ఒక్కటే కారణం కాదు, కాలం కూడా కలిసొచ్చింది. కార్లు, విమాన ప్రయాణాలు మధ్యతరగతికి అందుతున్న రోజులవి. ఆయాలు లేని ఇళ్లలో అమ్మానాన్నలే పిల్లలతో బయటికెళ్తున్నారు. వాళ్లకు కావాల్సింది హోదా కాదు, డిక్కీలో పట్టే బండి. మెక్‌లారెన్ ఆ బండిని ఇచ్చారు.

1978లో ఆయనకు బ్రిటన్ ప్రభుత్వం ఎంబీఈ పురస్కారం ప్రకటించింది. అదే ఏడాది కన్నుమూశారు. బ్రాండ్ మాత్రం కొనసాగింది. కవలల కోసం పక్కపక్క సీట్ల ట్విన్ మోడళ్లు, బరువు మరీ తగ్గించిన వోలో, సీటు వెనక్కి వాలే టెక్నో, నడవలేని పెద్ద పిల్లల కోసం మేజర్ ఎలీట్ వచ్చాయి. ఈ చివరిది ఎక్కువమందికి తెలియదు. కానీ వీల్‌చెయిర్‌ను కారులో పెట్టలేక ఇంటికే పరిమితమైన కుటుంబాలకు దాని విలువ తెలుసు.

అదే కీలు, ఇంకో ముఖం

ఇక్కడితో ఆపేస్తే కథ తియ్యగానే ఉంటుంది. ఇంజినీర్లు చదవాల్సిన చేదు అధ్యాయం ఇంకొకటుంది.

2009 నవంబరులో అమెరికా వినియోగదారుల భద్రతా కమిషన్ ఓ ప్రకటన చేసింది. 1999 నుంచి అక్కడ అమ్మిన మెక్‌లారెన్ అంబ్రెల్లా స్ట్రోలర్లు దాదాపు 10 లక్షలు రీకాల్ చేస్తున్నామన్నది దాని సారాంశం. బండి తెరుస్తున్నప్పుడు కీళ్ల మధ్య పిల్లలు వేలు పెట్టిన ఘటనలు 15 నమోదయ్యాయి. అందులో 12 ఘటనల్లో వేలికొస తెగిపోయింది. పరిష్కారంగా కీళ్లకు తొడిగే గుడ్డ కవర్లను కంపెనీ ఉచితంగా పంపింది. బ్రిటన్‌లో మాత్రం మొదట రీకాల్ అవసరం లేదంది. అమెరికా పిల్లల వేళ్లే వేళ్లా అని అక్కడి తల్లిదండ్రులు మండిపడ్డారు. తర్వాత అక్కడా కవర్లు ఇచ్చారు.

మెక్‌లారెన్ పోయి అప్పటికి 31 ఏళ్లు. ఆ మోడళ్లు ఆయన చేతితో గీసినవి కావు. కానీ బండికి ప్రాణమిచ్చిన కత్తెర మడతే వేలికి గండమైందన్నది నిజం. విమానం చక్రాల కీళ్ల దగ్గర చిన్నపిల్లలుండరు. పాపాయి బండి చుట్టూ ఉండేది వాళ్లే. ఒక రంగం నుంచి జ్ఞానాన్ని ఇంకో రంగానికి తెచ్చుకోవచ్చు. భద్రత లెక్కలు మాత్రం ఆ కొత్త రంగంలో మళ్లీ మొదటి నుంచి వేసుకోవాల్సిందే. ప్రోడక్ట్ హిట్టయ్యాక కూడా వేస్తూనే ఉండాలి.

మన దారి సంగతి?

మన నగరాల్లో ఈ బండ్లు మాల్స్‌లో, ఎయిర్‌పోర్టుల్లో, గేటెడ్ కమ్యూనిటీల్లోనే ఎక్కువ తిరుగుతాయి. కారణం తెలిసిందేగా? ఫుట్‌పాత్ ఉంటే దాని మీద బైకు, బైకు లేకపోతే గుంత. అల్యూమినియం ఎంత తేలికైనా దారి లేనిదే చక్రం తిరగదు.

కార్లలోనూ ఇలాంటి ఖాళీయే కనిపిస్తుంది. 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టం 194–బి సెక్షన్ ప్రకారం 14 ఏళ్లలోపు పిల్లలను సీటు బెల్టు లేదా చైల్డ్ సీట్ లేకుండా తీసుకెళ్తే వెయ్యి రూపాయల జరిమానా. 2023 అక్టోబరులో మొదలైన భారత్ ఎన్‌క్యాప్ క్రాష్ టెస్టుల్లో పిల్లల రక్షణకు విడిగా స్టార్ రేటింగ్ ఇస్తున్నారు. అయినా ముందు సీట్లో అమ్మ ఒళ్లో పాప కూర్చున్న కార్లు ఎన్ని చూడట్లేదు? మన ఎండకు కాగిపోని, చిన్న కార్లో పట్టే, మధ్యతరగతి కొనగలిగే చైల్డ్ సీటు చేయడం మంచి ఇంజినీరింగ్ సవాలు. మీ ఫైనలియర్ ప్రాజెక్టుకు టాపిక్ వెతుకుతున్నారా? ఇదిగో, ఇక్కడుంది.

మీ రెజ్యూమెలోకి ఏం తీసుకెళ్లాలి?

– మీరు నేర్చుకున్నది వస్తువును కాదు, సూత్రాన్ని. మెక్‌లారెన్‌కు వచ్చింది విమానం చక్రాలు చేయడం ఒక్కటే కాదు, తేలిగ్గా, గట్టిగా, మడతపడేలా చేయడం. మీ ప్రాజెక్టు అనుభవాన్ని కూడా అలా ఒక్క వాక్యంలో రాసి చూడండి. ఎన్ని రంగాలకు సరిపోతుందో మీకే తెలుస్తుంది.

– సమస్యలు ఇంట్లోనూ ఉంటాయి. అమ్మ వంటింట్లో దేనికి విసుక్కుంటోంది, నాన్న ఏ వస్తువును తాడుతో కట్టి వాడుతున్నారు? అక్కడ ఓ డిజైన్ ఫెయిలైందన్నమాట.

– వయసు దాటిపోయిందనుకోకండి. ఆయన్ను ప్రపంచమంతా గుర్తుపెట్టుకునేలా చేసిన పని దాదాపు 58 ఏళ్లకు మొదలైంది. పాతికేళ్లకే లైఫ్ సెటిల్ కాలేదని కుంగిపోవడం ఎందుకు?

– మీరు చేసిన వస్తువును వాడేవాళ్లు ఎవరో, దాని పక్కన నిలబడేవాళ్లు ఎవరో చూడండి. వాళ్ల చేతులు ఎంత చిన్నవో కూడా చూడండి.

ఈసారి ఎయిర్‌పోర్టులో గొడుగులా ముడుచుకునే బండి కనిపిస్తే ఒక్క నిమిషం ఆగి దాని కీళ్లను చూడండి. యుద్ధకాలంలో పైలట్లను నేలకు దించడానికి నేర్చుకున్న విద్య, ఓ తాతయ్య చేతిలో పడి పాపాయిలను ఊరంతా తిప్పుతోంది.