చీనా యాత్రికుడు హ్యూన్‌త్సాంగు

శ్రీకూర్మమునకు సముద్రము దూరము కాదు. ఆ యొడ్డున నిలిచి చూచువారికి నీటిపై త్రోవ యేదియు కానరాదు. అయినను పూర్వకాలమున ఈ కళింగతీరమునుండి వర్తకులు ఓడలెక్కి సింహళమునకును తూర్పుదీవులకును పోవుచుండిరి. ఆ నావికుల యెఱుక చాలవఱకు వారితోడనే గతించినది. మన కళింగాంధ్రదేశములను స్వయముగా చూచి, దిక్కులతోను దూరములతోను వ్రాసియుంచిన ప్రాచీనులలో ముఖ్యుడు ఒక పరదేశి. ఆతడు చీనాదేశపు బౌద్ధభిక్షువగు హ్యూన్‌త్సాంగు. భూగోళశాస్త్రము చదువు బాలబాలికలకు ఆతని చరిత్రము ఉపయోగకరమగునని తలచి ఇచట సంగ్రహముగా వ్రాయుచున్నాము.

హ్యూన్‌త్సాంగు క్రీ. శ. 602 ప్రాంతమున లొయాంగు నగర సమీపమున పండితవంశమున జనించెను. ఆతని యన్న సన్న్యాసి యగుటచే తానును బాల్యముననే మఠము చేరి చదువసాగెను. చదివినకొలది సందేహములు పెరిగెను. ఒకే గ్రంథమునకు గల చీనా భాషాంతరములు ఒకదానితో నొకటి పొసగకుండెను. మూలగ్రంథములను అవి పుట్టిన దేశముననే చదివి సత్యము నెఱుంగవలెనని ఆతడు నిశ్చయించుకొనెను. ఆకాలమున రాజ్యపు సరిహద్దు దాటరాదని చక్రవర్తి యాజ్ఞ యుండెను. అయినను 629 ప్రాంతమున ఆతడు రహస్యముగా బయలుదేఱి పడమటిత్రోవ పట్టెను.

ఎడారిలో మార్గదర్శి ఆతనిని విడిచిపోయెను. నీటితిత్తి చేజారి నేలపాలయ్యెను. నీటికొఱకు కొంతదూరము వెనుకకు మరలి, తూర్పుదిక్కున బ్రతుకుటకంటె పడమటిదిక్కున మరణించుటయే మేలని తలచి, మరల ముందునకే సాగెను. నాలుగు రాత్రులును ఐదు పగళ్లును చుక్కనీరు లేక పడియున్నవానిని ఆతని ముసలిగుఱ్ఱము ఒక నీటిపట్టునకు చేర్చెను. పిదప తుర్ఫాను రాజు ఆతని పాండిత్యమునకు మెచ్చి తనయొద్దనే యుంచుకొనగోరి పోనీయకుండెను. హ్యూన్‌త్సాంగు అన్నపానములు మానివేయగా ఆ రాజు పశ్చాత్తాపపడి, దారిలోని ఇరువదినాలుగు రాజ్యముల ప్రభువులకు లేఖలిచ్చి సాగనంపెను. మంచుకొండలు దాటి, గాంధార కాశ్మీరముల మీదుగా మన దేశమున ప్రవేశించి, నాలందా విద్యాపీఠమున శీలభద్రాచార్యులకడ సుమారు ఐదేండ్లు శాస్త్రాధ్యయనము చేసెను.

ఇక మన తీరమునకు ఆతడు వచ్చిన కారణము వినదగినది. హ్యూన్‌త్సాంగు వంగదేశపు రేవగు తామ్రలిప్తికి పోయి, అచటనుండి ఓడలో సింహళము చేరదలచెను. దక్షిణదేశపు భిక్షువొకడు ఆ యాలోచన మాన్పించెను. దీర్ఘమైన సముద్రప్రయాణమున గాలివానల భయము మెండు. నేలత్రోవను దక్షిణపుకొనకు పోయినచో మూడు దినములలో సింహళము చేరవచ్చును. త్రోవలో పుణ్యస్థలములను గూడ చూడవచ్చునని హితవు చెప్పెను. హ్యూన్‌త్సాంగు ఆ మాట పాటించెను. సముద్రము నమ్మదగినదై యుండిన యెడల ఆతడు మన దేశమును చూడకయే దాటిపోయి యుండును.

అట్లాతడు 638 మొదలు 640 వఱకు గల కాలమున ఓఢ్రదేశమును, దానికి దక్షిణముగా సముద్రపుటొడ్డున గల కొంగోదమును దాటి వచ్చెను. కొంగోదమున గవ్వలును ముత్యములును నాణెములుగా చెల్లుచుండెనని వ్రాసెను. అచటనుండి నైరృతిదిక్కుగా మహారణ్యముగుండ పదునాలుగు పదునైదువందల లీలు నడచి కళింగము చేరెను. లీ యనునది చీనావారి దూరమానము. దానిని మైలులో నాలుగవవంతు మొదలు మూడవవంతు వఱకు లెక్కింతురు.

కళింగదేశము చుట్టుకొలత ఐదువేల లీలనియు, రాజధాని చుట్టుకొలత ఇరువది లీలనియు ఆతడు వ్రాసెను. పూలును పండ్లును సమృద్ధి, ఎండ తీక్ష్ణము, ఇచటి అడవియేనుగులు పొరుగుదేశముల వారికి మిగుల ప్రియములు. ప్రజలు మోటువారయ్యు మాట తప్పనివారు. భాష త్వరితముగాను స్పష్టముగాను ఉండును గాని మధ్యదేశపు భాషకు భిన్నము. బౌద్ధ విహారములు పదికి మించి యుండెను. భిక్షువులు సుమారు ఐదువందలమంది. దేవాలయములు నూటికి పైబడి యుండెను. పూర్వము భుజము భుజము రాసికొనునంత జనసమ్మర్దముగల ఈ దేశము ఒక ఋషిశాపముచే పాడువడెనని తాను వినిన కథను గూడ చేర్చెను.

కళింగమునుండి వాయవ్యముగా కోసలమునకు పోయి, తిరిగి దక్షిణముగా వచ్చి ఆంధ్రదేశము చేరెను. దాని రాజధాని వేంగియని పండితులు తలంతురు. ఆ భూమి సారవంతమనియు, లిపి మధ్యదేశపు లిపిని చాలవఱకు పోలినను భాష వేఱనియు ఆతడు గుర్తించెను. పిదప ధాన్యకటకమున కొన్ని నెలలు నిలిచి, సుభూతి, సూర్యులను ఇరువురు భిక్షువులకడ వారి శాస్త్రము నేర్చుకొని, తానెఱిగినది వారికి నేర్పెను. అచటి విహారములు పెక్కు అప్పటికే పాడువడి యుండెను. కాంచీపురము చేరునప్పటికి సింహళమున కఱవును కలహమును కలవని తెలిసి, ఆ ద్వీపయాత్ర మానుకొని ఉత్తరమునకు మరలెను.

హర్షచక్రవర్తి ఆతనిని 643లో కనోజు సభయందు గౌరవించెను. తిరుగుప్రయాణమున సింధునదిని దాటునపుడు పెనుగాలికి పడవ యల్లలాడి సుమారు ఏబది గ్రంథములు నీటిపాలయ్యెను. మరల ప్రతులు వ్రాయించి తెప్పించుకొనుటకై ఆతడు ఆగెను. 645లో ఇరువది గుఱ్ఱములపై 657 గ్రంథములతో చాంగానునగరము చేరెను. ఆజ్ఞ మీఱి పోయినవానిని చక్రవర్తి శిక్షింపలేదు సరికదా, ఉద్యోగ మిచ్చెదననెను. భిక్షువు దానిని నిరాకరించెను. అపుడు చక్రవర్తి పడమటిదేశముల వృత్తాంతమునైన వ్రాసి యిమ్మని కోరెను. 646లో పండ్రెండు భాగముల గ్రంథము సిద్ధమయ్యెను. అందు 138 దేశముల వర్ణన కలదు. వానిలో తాను చూచినవి 110, వినినవి 28 అని వేఱుపఱచుట ఆతని సత్యసంధతకు గుర్తు. మిగిలిన జీవితమంతయు భాషాంతరీకరణమునకే ధారపోసి 664లో పరలోకగతుడయ్యెను.

ఆతని దూరములు అడుగులతోను దినములతోను లెక్కించినవి గాన అంతటను సరిపోవు. అయినను దిక్కు, దూరము, తరువాతి యూరు అను ఆ క్రమము వ్యర్థము కాలేదు. ఆతని గ్రంథమును అనుసరించి గీచిన భారతదేశపటము 1364 నాటిది జపానులో నేటికిని కలదు. ఆతడు భయపడి మానుకొనిన సముద్రమును చీనావారు క్రమముగా లోబఱచుకొనిరి. 1405 మొదలు 1433 వఱకు చెంగ్‌హో యను నౌకాధిపతి ఏడుమారులు పెద్దనౌకలతో వెడలి సింహళము, కాలికోట, ఆఫ్రికా తీరము వఱకు పోయెను. ఆ ప్రయాణములకు సంబంధించిన సముద్రపటము 1621 నాటి పీఠికగల ఒక యుద్ధశాస్త్ర గ్రంథమున అచ్చయినది. అది పొడవైన పట్టీవలె నుండును. దిక్సూచి చూపు దిక్కును, ఎన్ని జాముల ప్రయాణమను లెక్కను త్రోవవెంట వ్రాసిరి. పగలురేయి కలిపి పది జాములు. నక్షత్రమెంత యెత్తున నున్నదో వ్రేళ్ల కొలతచే తెలిపిరి. పిదప 1602లో మత్తయి రిచ్చి పేకింగునగరమున అమెరికాఖండముతో కూడిన ప్రపంచపటమును చీనాభాషలో అచ్చువేయించెను. భూగోళజ్ఞానము ఇట్లు ఒకరి పిదప నొకరు కూర్చగా పెరిగినదే గాని ఒక్కని సొత్తు కాదు.

పందొమ్మిదవ శతాబ్దమున హ్యూన్‌త్సాంగు గ్రంథము ఫ్రెంచి, ఇంగ్లీషు భాషలలోనికి వచ్చెను. కనింగుహాము దొర 1871లో ప్రకటించిన భారతదేశ ప్రాచీన భూగోళమునకు అది ముఖ్యాధారము. ఆతడు చూచిన కళింగ రాజధాని యేదియను వాదము మాత్రము నేటికిని తీఱలేదు. వంశధారా తీరమున శాలిహుండము కొండపై గల స్తూపముల శిథిలములు మాత్రము ఆనాటి విహారములను మనకు జ్ఞప్తికి తెచ్చుచున్నవి.

బాలబాలికలారా! మన పూర్వులు ఈ తీరమున కాపురముండిరి; వచ్చిపోయిన బాటసారి మాత్రము వ్రాసియుంచెను. అందుచే మన యూరి గతమును పరదేశి గ్రంథమున వెదుకుకొనవలసి వచ్చినది. మన తీరపు పల్లెకారులకు గాలుల పేర్లును, నక్షత్రముల గుర్తులును, చేపలు దొఱకు తావులును నేటికిని తెలియును. వారి కడకు పోయి వినయముతో అడుగుడు. చూచినదియు వినినదియు వేఱువేఱుగా గుర్తించుచు మీ పుస్తకములందు వ్రాసికొనుడు. హ్యూన్‌త్సాంగు మనకు చేసిన మేలు అదియే. మనమును మన తరువాతివారికి చేయదగినదియు నదియే.