తోళ్ల వర్తకుడు ఎర్రగుంట్ల పేరయ్య

పచ్చితోలును సున్నంలో నానబెట్టి, వెంట్రుకలు గీకి, తంగేడు చెక్క రసంలో రోజుల తరబడి ఊరవేస్తేగాని చెప్పుకు పనికిరాదు. రంపె, ఆరె పట్టేది ఆ తర్వాతే. మన నవీపేట్ వైపు పెద్దలకు లంద వాసన గుర్తుండే ఉంటుంది. ఆ పనివారిని ఊరి బయట ఉంచి, వారు కుట్టిన చెప్పులు మాత్రం ఊరంతా తొడుక్కుంది!

పేరయ్య ఒంగోలు ప్రాంతంలోని తాళ్లకొండపాడు మాదిగ. తోళ్ల బేరానికి ఏలూరు వెళ్లి, అక్కడ క్రీస్తును గూర్చి విన్నాడు. 1866లో భార్య నాగమ్మతో కలిసి జ్ఞానస్నానం పొందాడు. ఆయన బాప్టిస్టు, మన కతోలికుడు కాడు. అయినా తెలుసుకోదగిన మనిషి. బేరానికి తిరిగిన పల్లెల్లోనే సువిశేషం చెప్పాడు. చేరినవారు చచ్చిన పశువు మాంసం మానారు, ఆదివారం పనికి వెళ్లలేదు. అందుకు ఊరిపెద్దలు వారిని బాధించారు.