మళ్లీ అమరావతికి వచ్చిన మెకంజీ

మన హాస్టల్ వార్షికోత్సవ సంచికకు ఒక మహనీయుడి జీవితం గురించి రాసి ఇవ్వమని తమ్ముళ్లు అడిగారు. ఎవరి గురించి రాయాలా అని రెండు రోజులు ఆలోచించాను. అంబేద్కర్ గారి గురించి, పూలే గారి గురించి, మన పక్క ఊరు వినుకొండలో పుట్టిన జాషువా గారి గురించి మనం ప్రతి ఏడూ రాసుకుంటున్నాం, రాసుకోవాలి కూడా. ఈసారి మాత్రం మనకు అంతగా తెలియని ఒక పరదేశి గురించి రాస్తున్నాను. ఆయన పేరు కర్నల్ కాలిన్ మెకంజీ. చనిపోయి రెండు వందల ఏళ్లు దాటింది. మన తెలుగు ఊళ్ల పాత చరిత్ర రాసే ప్రతి పుస్తకంలోనూ ఆయన పేరు కనిపిస్తుంది.

నేను తొమ్మిదో తరగతిలో ఉండగా హాస్టల్ నుంచి అమరావతికి విహారయాత్రకు తీసుకెళ్లారు. కృష్ణ ఒడ్డున పులిహోర పొట్లాలు తిన్నాం, ధ్యానబుద్ధుడి పెద్ద విగ్రహం చూశాం, సాయంత్రానికి బస్సెక్కి వచ్చేశాం. స్తూపం ఉన్న చోట గుండ్రంగా ఇటుకలు, మట్టి తప్ప నాకేమీ కనిపించలేదు. ఇంత దూరం వచ్చింది దీనికోసమా అనుకున్నాను. ఎం.ఏ. చరిత్రలో చేరాక మెకంజీ గురించి చదివి, నూజెండ్ల నుంచి వినుకొండ, నరసరావుపేట, సత్తెనపల్లి మీదుగా బస్సులు మారుతూ ఒంటరిగా మళ్లీ అక్కడికి వెళ్లాను. అదే చోటు, అవే ఇటుకలు. కానీ ఈసారి రెండు గంటలు అక్కడి నుంచి కదలలేకపోయాను. ఎందుకో చెప్పాలంటే మెకంజీ కథ చెప్పాలి.

బాల్యం, ఉద్యోగం

మెకంజీ 1754 ప్రాంతంలో స్కాట్లాండుకు పడమటనున్న లూయిస్ అనే దీవిలో, స్టార్నోవే అనే చిన్న రేవు పట్టణంలో జన్మించాడు. గొప్ప జమీందారీ కుటుంబమేమీ కాదు. ఆ రేవులోనే సుంకాల కార్యాలయంలో ఉద్యోగం చేశాడు. చిన్నప్పటి నుంచి లెక్కలంటే ప్రాణం. భారతదేశంలో పూర్వులకు తెలిసిన గణితం గురించి తెలుసుకోవాలన్న కోరిక కూడా ఆయన్ని ఇటువైపు లాగింది. దాదాపు ముప్ఫై ఏళ్ల వయసులో, 1783లో, ఈస్టిండియా కంపెనీ సైన్యంలో చేరి మద్రాసులో దిగాడు. ఆ తరువాత ఎప్పుడూ తన సొంత ఊరికి తిరిగి వెళ్లలేదు.

సైన్యంలో ఇంజనీరుగా మారి నెల్లూరు, ఒంగోలు, గుంటూరు ప్రాంతాల్లో దారులు, కొండలు, వాగులు కొలిచాడు. మైసూరు యుద్ధాల్లో పనిచేశాడు. 1799లో శ్రీరంగపట్నం ముట్టడిలో టిప్పు సుల్తాన్ మరణించినప్పుడు కంపెనీ సైన్యంలో ఉన్నాడు. ఇక్కడ ఒక మాట దాచకుండా చెప్పాలి. ఆయన గీసిన పటాలు కంపెనీ వారి యుద్ధాలకు, శిస్తు వసూళ్లకు ఉపయోగపడ్డాయి. ఆయన దొరల కొలువులోని దొరే. అయితే మిగతా దొరలు ఊళ్ల శిస్తు లెక్క అడిగి వెళ్లిపోతే, ఈయన ఊరి కథ కూడా అడిగాడు. ఆయనకూ వాళ్లకూ తేడా అదే.

కావలి సోదరులు

మెకంజీకి తెలుగు రాదు, తమిళం రాదు, సంస్కృతం రాదు. ఇన్నేళ్లు ఇక్కడ ఉండి కూడా ఆయన మన భాషలు నేర్చుకోలేదు. మరి వేల కొద్దీ ఊళ్ల కథలు ఎలా సేకరించాడు? దీనికి జవాబు ఏలూరులో పుట్టిన కావలి వెంకట బొర్రయ్య. 1776లో పుట్టిన బొర్రయ్య ఇరవై ఏళ్ల వయసులో మెకంజీ దగ్గర ద్విభాషిగా చేరాడు. తెలుగు, తమిళం, కన్నడం, సంస్కృతం, ఇంగ్లీషు తెలిసినవాడు. పాత శాసనాల్లోని అక్షరాలను పట్టుదలగా చదవడం నేర్చుకున్నాడు. కరణాలను, పూజారులను, ఊరి పెద్దలను ఎలా అడిగితే చెబుతారో ఆయనకు తెలుసు. దురదృష్టవశాత్తూ 1803లో, ముప్ఫై ఏళ్లు కూడా నిండకుండానే చనిపోయాడు. ఆ పనిని తమ్ముడు లక్ష్మయ్య అందుకున్నాడు. మరో సోదరుడు రామస్వామి దక్షిణదేశపు కవుల జీవితాలను ఇంగ్లీషులో రాసి 1829లో కలకత్తాలో అచ్చు వేయించాడు.

వీళ్ల ఆధ్వర్యంలో గుమాస్తాలు ఊరూరా తిరిగారు. ఊరు ఎవరు కట్టారు, చెరువు ఎవరు తవ్వించారు, గుడికి ఎంత మాన్యం ఉంది, ఏ రాజు తరువాత ఏ రాజు వచ్చాడు, ఏ పంటలు పండుతాయి అని కరణాల దగ్గరున్న కవిలెలు చూసి, ముసలివాళ్లను అడిగి రాశారు. వీటినే కైఫీయతులు అంటారు. ఈ గుమాస్తాల జీతాల్లో చాలా భాగం మెకంజీ తన సొంత డబ్బుతో ఇచ్చాడు. మన గుంటూరు సీమ ఊళ్ల చరిత్రకు ఈనాటికీ ఆ కైఫీయతులే పెద్ద ఆధారం.

మొదటిసారి చూసినప్పుడు

ఆ రోజుల్లో చింతపల్లి నుంచి వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు గారు తన రాజధానిని అమరావతికి మార్చుకున్నారు. కొత్త పట్నం కట్టాలంటే ఇటుకలు కావాలి, రాళ్లు కావాలి. ఊరి దక్షిణాన దీపాలదిన్నె అనే పెద్ద దిబ్బ ఉండేది. అది ఏమిటో అప్పటికి ఎవరికీ తెలియదు. తవ్వితే చాలా పెద్ద ఇటుకలు, తెల్లటి రాతి పలకలు బయటపడ్డాయి. పలకల మీద మనుషులు, ఏనుగులు, చెట్లు, చక్రాలు చెక్కి ఉన్నాయి.

ఈ సంగతి విని మెకంజీ 1797-98 కాలంలో అక్కడికి వచ్చాడు. అప్పటికి దిబ్బ చుట్టూ కందకంలాగా తవ్వారు గాని నడిమి భాగం చాలావరకు నిలిచే ఉంది. సుమారు 90 అడుగుల అడ్డుకొలత ఉన్న దిబ్బ అది. బొమ్మలు చూసి ఆశ్చర్యపోయాడు. ఇది జైనుల కట్టడమై ఉంటుందని అనుకున్నాడు. అది పొరపాటు. మన దేశంలో బౌద్ధం ఎప్పుడో కనుమరుగైపోవడం వల్ల అది బౌద్ధుల మహాచైత్యమని గుర్తించడానికి ఇంకా చాలా కాలం పట్టింది. చూసినది రాసుకున్నాడు. ఆ రాత 1807లో కలకత్తాలోని ఏషియాటిక్ సొసైటీ వారి సంపుటంలో అచ్చయింది. ధాన్యకటక స్తూపం గురించి బయటి ప్రపంచానికి తెలిసింది దానితోనే.

ఆయన అక్కడ ఎక్కువ రోజులు ఉండలేకపోయాడు. ఉద్యోగం పిలిచింది. మళ్లీ వస్తాననుకునే వెళ్లి ఉంటాడు.

పద్దెనిమిదేళ్ల తరువాత

తరువాతి పదేళ్లు మైసూరు రాజ్యమంతా కొలవడంలో గడిచాయి. 1811లో కంపెనీ సైన్యంతో జావా దీవికి వెళ్లాడు. అక్కడ అడవి పట్టిన ప్రంబనాన్ ఆలయాలను చూసి రాశాడు. 1812లో అక్కడే పెళ్లి చేసుకున్నాడు. 1813లో మన దేశానికి తిరిగి వచ్చి, ఉత్తరాదిన కొంతకాలం తిరిగి, 1815లో మద్రాసు చేరాడు. అదే ఏడు ఆయన్ని మొత్తం భారతదేశానికి సర్వేయర్ జనరల్‌గా నియమించారు. ఆ పదవి పొందిన మొదటి వ్యక్తి ఆయనే.

అప్పటికి అరవై దాటిన మనిషి. ఆరోగ్యం అంతంత మాత్రం. కలకత్తాకు వెళ్లి పెద్ద పదవిలో కూర్చోవాల్సిన సమయం. అలాంటప్పుడు 1816లో మళ్లీ అమరావతికి బయలుదేరాడు. మొదటిసారి చూసి ఉండలేక వెళ్లిపోయిన చోటును ఈసారి రాయి రాయీ గీయించాలని తన సర్వేయర్లను, చిత్రకారులను వెంటబెట్టుకుని వచ్చాడు.

వచ్చి చూస్తే దిబ్బ లేదు. ఆయన లేని ఆ కాలంలో దిబ్బ నడిమి భాగాన్ని తవ్వి చెరువు చేశారు. బొమ్మలున్న పలకలు కొన్ని కొత్త కట్టడాల్లోకి మెట్లుగా, గోడరాళ్లుగా వెళ్లాయి. కొన్ని పగిలి పడి ఉన్నాయి. ఇంకెన్నో సున్నంగా కాలిపోయాయి.

అక్కడ నిలబడి ఆయన ఏమనుకున్నాడో మనకు తెలియదు. ఏం చేశాడో మాత్రం తెలుసు. వెనక్కి వెళ్లిపోలేదు. మిగిలినది గీయించడం మొదలుపెట్టాడు. ఆయన వెళ్లాక కూడా సహాయకులు నెలల తరబడి అక్కడే ఉండి పనిచేశారు. ఏ రాయి ఎక్కడ పడి ఉందో 1817లో పటం గీశారు. పలకల మీది బొమ్మలను కొలతలతో సహా కాగితం మీద దించారు. ఆ చిత్రాల సంపుటం ఇప్పుడు లండన్‌లోని బ్రిటిష్ లైబ్రరీలో ఉంది. ఆ తరువాత పోయిన పలకలు ఎన్నో ఉన్నాయి. అవి ఎలా ఉండేవో ఈనాడు మనకు తెలిసేది ఆ చిత్రాల వల్లనే.

కొన్ని పలకలను ఆయన మచిలీపట్నానికి, కలకత్తాకు పంపించాడు. 1845లో వాల్టర్ ఇలియట్ తవ్వించిన పలకలు మొదట మద్రాసు చేరి, వాటిలో చాలా భాగం 1859లో ఓడెక్కి లండన్ వెళ్లిపోయాయి. 1880లో ఒక కలెక్టరు ఆ చోటును శుభ్రం చేయించడంతో మిగిలిన ఆనవాళ్లు కూడా చెదిరిపోయాయి. ఇప్పుడు మన స్తూపం బ్రిటిష్ మ్యూజియంలో కొంత, చెన్నై మ్యూజియంలో కొంత, అమరావతి మ్యూజియంలో కొంత ఉంది.

లక్ష్మయ్యకు జరిగిన అన్యాయం

అమరావతికి వచ్చిన 1816లోనే థామస్ హికీ అనే చిత్రకారుడు మెకంజీ బొమ్మ గీశాడు. ఎర్ర కోటు వేసుకున్న మెకంజీ చుట్టూ ముగ్గురు భారతీయులు నిలబడి ఉంటారు. అందులో ఒకరు కావలి లక్ష్మయ్య అని చరిత్రకారులు భావిస్తున్నారు. దొరల బొమ్మల్లో పనివాళ్లు గొడుగు పట్టుకునో, విసనకర్ర పట్టుకునో కనిపించే కాలంలో చదువుకున్న సహాయకులతో కలిసి బొమ్మ గీయించుకోవడం పెద్ద విషయమే.

మెకంజీ 1821 మే 8న బెంగాల్‌లో మరణించాడు. కలకత్తాలో సమాధి చేశారు. అప్పటికి ఆయన సేకరణలో 1,568 గ్రంథాలు, 8,076 శాసన ప్రతులు, 2,630 చిత్రాలు, 6,218 నాణేలు ఉన్నట్టు 1828లో విల్సన్ తయారు చేసిన జాబితా చెబుతోంది. కంపెనీ దాన్ని లక్ష రూపాయలకు ఆయన భార్య నుంచి కొన్నది. కైఫీయతులు చాలావరకు ఇప్పుడు చెన్నైలోని ప్రాచ్య లిఖిత గ్రంథాలయంలో ఉన్నాయి.

మరి లక్ష్మయ్య? ఇరవై ఏళ్లు ఊరూరా తిరిగిన మనుషులను నడిపించినవాడు. ఆ పనిని తాను కొనసాగిస్తానని, అవకాశం ఇవ్వమని దరఖాస్తు పెట్టుకున్నాడు. అది బెంగాల్ ఏషియాటిక్ సొసైటీ ముందుకు వచ్చింది. అశోకుడి బ్రాహ్మీ లిపిని చదివి పేరు పొందిన జేమ్స్ ప్రిన్సెప్ 1836లో దాన్ని పరిశీలించి తోసిపుచ్చాడు. సమాచారం తెచ్చి ఇవ్వడానికి స్థానికుడు పనికొస్తాడు గాని దాన్ని విచారించి చరిత్ర రాయడానికి పనికిరాడన్నది ఆయన అభిప్రాయం. ఆ పని విలియం టేలర్ అనే పాద్రీకి దక్కింది. మోసిన చెయ్యి ఒకరిది, రాసే అధికారం మరొకరిది. ఈ మాట మన హాస్టల్ తమ్ముళ్లకు విడమరిచి చెప్పనక్కర్లేదనుకుంటాను.

మనం చేయవలసింది

నేను మా ఇంట్లో మొదటి గ్రాడ్యుయేటును. మా నాన్న చాలా ఏళ్లు పిడుగురాళ్ల సున్నపు బట్టీల్లో పనిచేశాడు. అమరావతి పలకల ఫోటో ఒకటి నా ఫోనులో చూపిస్తే, ఇది మన సున్నపురాయేనని చూడగానే చెప్పాడు. ఆ బొమ్మలు చెక్కింది పల్నాటి సున్నపురాతి మీదేనని నేను పుస్తకాల్లో చదివి తెలుసుకున్నాను. మా నాన్నకు పుస్తకం అవసరం రాలేదు. ఆ రాళ్లను బట్టీలో కాల్చిన కూలీలను కూడా నేను తప్పుపట్టలేను. అది బుద్ధుడి కథ అని వాళ్లకు ఎవరూ చెప్పలేదు. వాళ్లు చూసింది ఆనాటి కూలి. మా నాన్న అక్కడ ఉంటే ఆయనా అదే పని చేసేవాడు.

అందుకే తమ్ముళ్లారా, నేను కోరేది చిన్న పని. సంక్రాంతి సెలవులకు ఇంటికి వెళ్లినప్పుడు ఒక నోటుపుస్తకం వెంట తీసుకెళ్లండి. మీ తాతను, నాయనమ్మను కూర్చోబెట్టి మీ ఊరి చెరువు ఎవరు తవ్వారో, మీ పేటకు ఆ పేరు ఎలా వచ్చిందో, కరువు వచ్చినప్పుడు ఎక్కడికి వలస వెళ్లారో అడిగి రాయండి. కరణాలు రాయించిన కైఫీయతుల్లో మాన్యాల లెక్కలున్నాయి గాని మన పేటల కథలు చాలా తక్కువ. వాటిని రాయడానికి ఏ దొరా రానక్కర్లేదు. ఆ అర్హత లక్ష్మయ్యకు లేదన్నారు. ఈరోజు మనకు లేదనేవారు లేరు.

వచ్చే సెలవుల్లో రాద్దాంలే అని మాత్రం అనుకోకండి. మెకంజీ మళ్లీ వచ్చేసరికి పద్దెనిమిదేళ్లు గడిచాయి. దిబ్బ ఉన్న చోట చెరువుంది. మా నాయనమ్మను అడగాలని నేను ఎం.ఏ. మొదటి ఏడాదిలో అనుకున్నాను. రెండో ఏడాది ఇంటికి వెళ్లేసరికి ఆమె లేదు. ఇప్పుడు మా నాన్నను అడిగి రాసుకుంటున్నాను. ఇప్పటికి నలభై పేజీలు అయ్యాయి.