గుండ్రంగా తిరిగే ఇంజన్ – ఫెలిక్స్ వాంకెల్

పిస్టన్ పైకీ కిందికీ కొట్టుకోకుండా, గుండ్రంగా తిరుగుతూనే పనిచేసే ఇంజన్‌కు రూపమిచ్చిన ఫెలిక్స్ వాంకెల్‌కు జీవితాంతం డ్రైవింగు లైసెన్సు లేదు. చూపు బాగా తక్కువ. ముప్పై ఏళ్లకు పైగా బస్సు డిపో గ్యారేజీలో గడిపిన నాకు ఈ సంగతి తెలిసినప్పుడు నవ్వొచ్చింది. ప్రత్యేక సంచికకు ఎవరి గురించైనా వ్రాయమంటే ముందుగా ఆయనే గుర్తుకు వచ్చాడు.

వాంకెల్ 1902 ఆగస్టు 13న జర్మనీలోని లార్‌లో జన్మించాడు. తండ్రి మొదటి ప్రపంచ యుద్ధంలో మరణించాడు. కాలేజీ చదువుకు డబ్బు లేదు. హైడెల్‌బర్గ్‌లో పుస్తక ప్రచురణ సంస్థలో ఉద్యోగం చేస్తూనే చిన్న వర్క్‌షాపు పెట్టుకున్నాడు. 1929లో తొలి పేటెంటు వచ్చింది. నాజీ పార్టీలో చేరాడు; ఈ మాట దాటవేసి వ్రాయడం నాకిష్టం లేదు. 1933లో ఆ పార్టీ నాయకుడితోనే తగవుపడి కొన్ని నెలలు జైల్లో ఉన్నాడు. యుద్ధం ముగిశాక ఫ్రెంచివారు మళ్లీ జైల్లో పెట్టారు.

1951లో మోటారు సైకిళ్లు చేసే ఎన్‌ఎస్‌యూ కంపెనీతో ఒప్పందం కుదిరింది. 1957 ఫిబ్రవరి 1న ఇంజన్ తిరిగింది. అందులో లోపలి రోటరూ, బయటి గదీ రెండూ తిరిగేవి. ప్లగ్గులు మార్చాలంటే ఇంజన్ విప్పాల్సిందే! కంపెనీ ఇంజనీరు పాష్కే బయటి గదిని కదలకుండా చేశాడు. అది వాంకెల్‌కు రుచించలేదు గాని, కార్లలోకి వచ్చింది అదే.

1967 నాటి రో-80 కారు ఇంజన్ కాగితం మీద 995 సీసీ, 115 హార్స్‌పవర్. అంత చిన్న ఇంజన్ ఇంత పెట్రోలు తాగడమేమిటని అనిపిస్తుంది. సీసీలు కాదు, గాలి చూడాలి. ఇంజన్ పీల్చే గాలిని ముందుగా పెద్ద డ్రమ్ములోకి, కొలత తెలిసిన రంధ్రం గుండా రానిచ్చి, యు-ట్యూబులో నీటిమట్టం తేడాను బట్టి లెక్కగడతారు. బ్యూరెట్టులో పెట్రోలు ఎన్ని సెకన్లలో దిగిందో స్టాప్‌వాచీతో చూస్తారు. ఒక పాలు పెట్రోలుకు బరువులో సుమారు 15 పాళ్ల గాలి కావాలి. మామూలు ఫోర్‌స్ట్రోక్ సిలిండరు షాఫ్టు రెండు చుట్లకొకసారి గాలి పీలిస్తే, వాంకెల్ రోటరు ప్రతి చుట్టుకూ పీలుస్తుంది. అంటే ఆ 995 సీసీని పోల్చవలసింది రెండు లీటర్ల ఇంజన్‌తో.

అలా పోల్చినా ఖర్చు ఎక్కువే. మంట మండే చోటు పొడవుగా, పలచగా ఉండి వేడి గోడలకు పోతుంది. కొంత పెట్రోలు మండకుండానే బయటపడుతుంది. రోటరు కొసల సీళ్లు అరిగి, తొలి కార్లలో చాలావాటికి ఇంజన్లే మార్చవలసి వచ్చింది. 1973 చమురు సంక్షోభం మరో దెబ్బ. 1977లో రో-80 ఆగిపోయింది. జపాన్‌లో మాజ్దావారు మాత్రం పట్టు విడవక, 1991లో రోటరీ ఇంజన్‌తోనే లె మాన్స్ 24 గంటల పందెం గెలిచారు. చూడటానికి వాంకెల్ లేడు. 1988 అక్టోబరు 9న కన్నుమూశాడు. డిగ్రీ లేని ఆయనకు 1969లో మ్యూనిక్ సాంకేతిక విశ్వవిద్యాలయం గౌరవ డాక్టరేటు ఇచ్చింది.

గాలి చూడకుండా తీర్పు చెప్పిన తప్పు నేనూ చేశాను. కేఎంపీఎల్ లెక్కలు వ్రాసే రోజుల్లో ఒక డ్రైవరు పేరు మూడు నెలలు వరుసగా తక్కువ జాబితాకెక్కించాను. తర్వాత ఆ బండి ఎయిర్ క్లీనరు విప్పితే దుమ్ముతో మూసుకుపోయి ఉంది. దాన్ని తనిఖీ చేయవలసినవాణ్ని నేనే. ఆయనా మన సంఘ సభ్యులే. సమావేశాల్లో నా పక్కనే కూర్చుంటారు. ఇంతవరకు చెప్పలేదు. ఈ సంచిక ఆయనకూ అందుతుంది.