తోడేలును చంపినవాడు - ఆల్డో లియోపోల్డ్

మా ఊళ్ళో తోడేలు మాటెత్తితే గొర్రెల కాపరి కర్ర అందుకుంటాడు. ఆ జంతువును వెనకేసుకొచ్చిన ఒక పెద్దమనిషి సంగతి రాస్తున్నాను. మొదట్లో ఆయనా తోడేళ్ళను చంపినవాడే.

ఆల్డో లియోపోల్డ్ అమెరికాలోని అయోవా రాష్ట్రం, బర్లింగ్టన్‌లో 1887 జనవరి 11న పుట్టాడు. చిన్నప్పటినుంచీ వేటన్నా, పక్షులన్నా ప్రాణం. యేల్ విశ్వవిద్యాలయంలో అటవీశాస్త్రం చదివి, 1909లో అరిజోనాలోని అపాచీ అడవుల్లో ఉద్యోగంలో చేరాడు. ఆ ఏడే ఒకరోజు ఏరు దాటివచ్చిన తల్లి తోడేలుమీద, దాని పిల్లలమీద తోటివాళ్ళతో కలిసి కొండమీంచి తుపాకులు పేల్చాడు. దిగి వెళ్ళేసరికి తల్లి కళ్ళలోని ఆకుపచ్చని వెలుగు ఆరిపోతోంది. వెంటనే మనసు మారిందనుకునేరు, అదేం లేదు. ఆ తర్వాత చాలా ఏళ్ళు తోడేళ్ళను ఒక్కటి లేకుండా తుడిచిపెట్టాలని తనే ప్రచారం చేశాడు. తోడేలు పోతే జింకలు పెరుగుతాయి, వేటగాళ్ళకు పండగే అని అప్పటి లెక్క.

జింకలు పెరిగిన మాట నిజమే. పెరిగినవి ఊరుకుంటాయా? చిగుళ్ళు, మొక్కలు, మూతికందిన కొమ్మలు అన్నీ మేసేశాయి. కొత్త చెట్టు లేవలేదు. మేత కరువై చివరికి జింకలే ఆకలితో చచ్చాయి. వేళ్ళ పట్టు పోయిన కొండవాలు మట్టి వానకు కొట్టుకుపోయి ఏళ్ళలో చేరింది. మా నాన్న చేలో జెర్రిపోతును కొట్టనివ్వడు, అది పోతే ఎలుకలు గింజ మిగల్చవని. మా రైతుల చూపు గింజ దాకానే. లియోపోల్డ్ ఇంకా ముందుకు, మట్టిదాకా ఏటిదాకా వెళ్ళాడు. 1936లో మెక్సికోలోని చివావా కొండల్లో తోడేళ్ళూ జింకలూ తేటనీటి ఏళ్ళూ ఒక్కచోటే ఉండడం చూశాక ఆయనకు అనుమానం తీరింది.

అప్పటికే, 1933 నుంచి, విస్కాన్సిన్ విశ్వవిద్యాలయంలో ఆచార్యుడు. 1935లో సారం చచ్చిన ఇసుకపొలం ఒకటి కొని, భార్యాబిడ్డలతో వేలకొద్దీ పైన్ మొక్కలు నాటాడు. 1940లలో ఆ రాష్ట్రంలో మితిమీరిన జింకలను తగ్గించాలంటే వేటగాళ్ళు మండిపడ్డారు. ఐనా మాట వెనక్కి తీసుకోలేదు. అపాచీలో చేసిన పనిని 1944లో ఒక వ్యాసంలో దాచకుండా ఒప్పుకున్నాడు.

1948 ఏప్రిల్ 21న పక్కపొలంలో గడ్డికి నిప్పంటుకుంటే ఆర్పడానికి పరుగెత్తి, గుండె ఆగి పోయాడు. ఆయన పుస్తకం మరుసటేడు వచ్చింది. అదే అపాచీ అడవుల్లో 1998లో ప్రభుత్వం 11 తోడేళ్ళను తెచ్చి వదిలింది. కొన్నిటిని ఆ ఏడాదే ఎవరో కాల్చేశారు. మళ్ళీ తెచ్చి వదిలారు.