వర్తకుడైన ఆచార్యుడు - దాదాభాయి నౌరోజీ

ఒక దేశంలో స్థాపింపబడిన కంపెనీ మరొక దేశంలో సరుకు కొని, వేరొక దేశంలో అమ్మి, లాభాన్ని స్వదేశానికి చేర్చుకొనే విధానాన్ని నేడు వాణిజ్యశాస్త్ర విద్యార్థులు ఒక ప్రత్యేక పాఠ్యాంశంగా అభ్యసిస్తున్నారు. ఆ పాఠ్యాంశానికి పేరైనా లేని కాలంలో ఆ వ్యాపారాన్ని లోపలినుండి చూచి, దాని జమాఖర్చులను జీవితాంతం పరిశీలించిన భారతీయుడు దాదాభాయి నౌరోజీ. కాంగ్రెసు అధ్యక్షుడిగా, బ్రిటిష్ పార్లమెంటు సభ్యుడిగా, భారత కురువృద్ధుడిగా ఆయనను మనమందరం ఎరుగుదుము. ఆయన ఒకప్పుడు ఇంగ్లండులో పత్తి వర్తకుడన్న సంగతిని మాత్రం పాఠ్యపుస్తకాలు ఒక్క వాక్యంలో చెప్పి దాటిపోతాయి. నా మట్టుకు, ఆయన తక్కిన జీవితమంతా ఆ ఒక్క వాక్యం మీదనే నిలిచి ఉన్నదని తోస్తుంది.

1825 సెప్టెంబరు 4వ తేదీన ఆయన ఒక పేద పార్సీ పురోహిత కుటుంబంలో జన్మించారు. నాలుగేండ్ల ప్రాయంలోనే తండ్రి గతించగా, చదువు రాని తల్లి మాణిక్‌బాయి ఆయనను పెంచి చదివించింది. రుసుము లేని పాఠశాల దొరకడం వల్లనే తాను విద్యావంతుడనయ్యానన్న కృతజ్ఞత ఆయనను చివరిదాకా విడువలేదు. బొంబాయి ఎల్ఫిన్‌స్టన్ విద్యాలయంలో చదివి, అక్కడే గణితం బోధించి, ఆ విద్యాలయంలో ఆచార్య పదవిని పొందిన తొలి భారతీయుడైనారు. బాలికలకు పాఠశాలలు తెరచిన యువబృందంలో ఆయన ఒకరు. 1851లో "రాస్త్ గొఫ్తార్" అనే గుజరాతీ పత్రికను ప్రారంభించారు. ఉర్దూ చదివే మన విద్యార్థులకు ఆ పేరును విప్పి చెప్పనక్కరలేదు. తక్కినవారికోసం, దాని అర్థం సత్యం పలికేవాడు అని.

1845లోనే సర్ అర్‌స్కిన్ పెర్రీ అనే న్యాయమూర్తి, సగం ఖర్చు తాను భరిస్తానని, ఈ యువకుణ్ణి న్యాయవిద్యకు ఇంగ్లండు పంపవలసిందని పార్సీ పెద్దలను కోరినాడు. పిల్లవాడు అక్కడ మతం మార్చుకొంటాడేమోనన్న భయంతో పెద్దలు ఒప్పుకొనలేదు. పదేండ్ల తరువాత ఆయన సముద్రం దాటనే దాటారు. అయితే న్యాయవాది కావడానికి కాదు, వర్తకుడు కావడానికి. గణితశాస్త్ర పీఠాన్ని వదలి దుకాణం లెక్కలు వ్రాయబోవడమేమిటని ఆనాడు ఆశ్చర్యపడినవారున్నారు.

1855 జూన్ 27న కామా కుటుంబానికి చెందిన ఇద్దరితో కలిసి ఆయన బొంబాయి రేవు విడిచారు. లండన్, లివర్‌పూల్ నగరాలలో వారు తెరచిన కామా అండ్ కంపెనీ బ్రిటన్‌లో నెలకొన్న తొలి భారతీయ వర్తక సంస్థ. అంతవరకు భారతదేశపు సరుకు ఇంగ్లండుకు చేరేది ఆంగ్లేయుల కంపెనీల ద్వారానే. ఓడ వారిది, బీమా వారిది, అమ్మకంపై కమీషను వారిది. రైతుకు దక్కేది పత్తి ధర మాత్రమే. ఒక భారతీయ సంస్థ లివర్‌పూల్‌లో కూర్చుండి నేరుగా బేరమాడటం చిన్న విషయం కాదు. బొంబాయిలో గోతాము పత్తికి ఇచ్చిన ధరకు, లాంకషైర్ మిల్లు చెల్లించిన ధరకు నడుమ ఎన్ని చేతులు ఉన్నాయో నౌరోజీ అక్కడ కన్నులారా చూశారు. తరువాతి కాలంలో ఆయన వేసిన ప్రతి లెక్కకు మూలం ఈ అనుభవమే.

ఆ భాగస్వామ్యం మూడేండ్లకు మించలేదు. కారణం నల్లమందు. ఆ కాలంలో భారతదేశం నుండి నల్లమందు చైనాకు పోయేది. చైనా నుండి తేయాకు ఇంగ్లండుకు పోయేది. ఆ తేయాకు వెలలో పెద్దభాగాన్ని నల్లమందే తీర్చేది. బొంబాయి వర్తకుల మేడలలో అనేకం ఈ త్రికోణ వ్యాపారం మీద లేచినవే. నల్లమందు మీద, మద్యం మీద వచ్చే కమీషనులో తాను భాగం పుచ్చుకొనలేనని నౌరోజీ పట్టుబట్టారు. భాగస్వాములు తమ ఆచారం మార్చుకొనలేదు. 1858లో ఆయన కామా సంస్థనుండి తప్పుకొని, 1859లో సొంతంగా దాదాభాయి నౌరోజీ అండ్ కంపెనీ స్థాపించి పత్తి వ్యాపారం సాగించారు. నల్లమందు వర్తకం అప్పుడు చట్టవిరుద్ధం కాదు. దానిని ప్రభుత్వమే నడిపించేది. చట్టం ఒప్పుకొన్న లాభాన్ని తనంతట తాను కాదనుకొన్న వ్యాపారి ఆయన. అదే కాలంలో లండన్ యూనివర్సిటీ కాలేజీలో గుజరాతీ ఆచార్యుడిగా కూడా ఉండేవారు.

ఇంతలో అమెరికాలో అంతర్యుద్ధం వచ్చింది. 1861 మొదలు 1865 వరకు అక్కడి పత్తి లాంకషైర్ మిల్లులకు అందలేదు. దానితో బొంబాయి పత్తికి కనీవినీ ఎరుగని ధర పలికింది. యుద్ధం ముగిసిన వెంటనే ధరలు కుప్పకూలి, ఎందరో కోటీశ్వరులు ఒక్క ఋతువులో బికారులైనారు. ఆ తాకిడికి నౌరోజీ సంస్థ కూడా దెబ్బతిన్నది. ఎక్కడో వర్జీనియాలో తుపాకులు మోగితే దక్కన్ రైతు అదృష్టం మారిపోతుందన్న సత్యాన్ని ఆయన గ్రంథాలలో చదివి నేర్వలేదు.

1866లో ఆయన లండన్‌లో ఈస్టిండియా అసోసియేషన్‌ను స్థాపించారు. మరుసటి ఏడు అక్కడ చదివిన ప్రసంగంలో, భారతదేశ ప్రభుత్వ ఆదాయంలో ఇంచుమించు నాలుగవ వంతు ఇంగ్లండుకు తరలిపోతున్నదని చెప్పారు. 1871లో భారత వాణిజ్యంపై మరొక ప్రసంగం చేశారు. మనం సంపద తరలింపు సిద్ధాంతమని పిలిచేది ఇక్కడనుండి రూపు దాల్చింది. దానిని విద్యార్థులు పరీక్షకోసం కంఠస్థం చేయడం నేను చూస్తూనే ఉన్నాను. అందులోని తర్కం మాత్రం ఏ చిల్లర వర్తకుడికైనా అర్థమయ్యేంత సులభం.

నూరు రూపాయల సరుకును పరదేశానికి పంపిన వర్తకుడు, ఖర్చులు పోను, నూట పదిహేను రూపాయల విలువగల సరుకో, బంగారమో తిరిగి తెచ్చుకోవాలి. లేకుంటే అది వ్యాపారమే కాదు. కాబట్టి సక్రమంగా వర్తకం చేసే దేశపు లెక్కలలో వచ్చిన దాని విలువ పోయిన దాని విలువకంటె ఎక్కువగా కనిపించాలి. నౌరోజీ ప్రభుత్వం స్వయంగా ప్రచురించిన లెక్కలనే ముందు పెట్టుకొని చూచారు. భారతదేశం విషయంలో అది తలక్రిందులుగా ఉన్నది. ఏటేటా పోయింది ఎక్కువ, వచ్చింది తక్కువ. లాభం రాకపోగా అసలులోనే కొంత తిరిగి రావడంలేదు. మరి ఆ మిగులు ఎవరి ఖాతాలో జమ అవుతున్నది?

దీనికి సమాధానం చెప్పాలంటే కొంత వెనుకకు పోవాలి. 1611లో ఈస్టిండియా కంపెనీవారు మన మచిలీపట్నంలో వర్తకస్థానం నెలకొల్పినప్పుడు, ఈ తీరపు బట్టలు కొనడానికి వెండి తెచ్చేవారు. అది న్యాయమైన బేరం. 1765లో బెంగాల్ దివానీ చేతికి వచ్చిన పిమ్మట వెండి తేవలసిన అవసరం తగ్గింది. రైతునుండి వసూలు చేసిన శిస్తుతోనే రైతు సరుకును కొనసాగారు. కంపెనీ పోయి విక్టోరియా రాణి ప్రభుత్వం వచ్చిన తరువాత పద్ధతి మరింత నాజూకైనది. భారత సరుకు కొనదలచిన ఆంగ్ల వర్తకుడు లండన్‌లో ఇండియా ఆఫీసుకు పౌనులు చెల్లించి, కౌన్సిల్ బిల్లు అనే హుండీని తీసుకొనేవాడు. దానిని ఇక్కడికి పంపితే, ఇక్కడి ఖజానానుండి రూపాయలు ముట్టేవి. లండన్‌లో చెల్లించిన పౌనులు అక్కడి పింఛనులకు, వడ్డీలకు, కార్యాలయ ఖర్చులకు, అంటే హోం చార్జీలకు, సరిపోయేవి. పర్యవసానమేమిటి? పత్తి పండించిన రైతుకు ముట్టిన ధర, అతడూ అతని పొరుగువాడూ కట్టిన పన్నులోనిదే.

రైల్వే కంపెనీల సంగతి మరొకటి. లండన్‌లో వాటాలు అమ్మి ఏర్పడిన ఆ కంపెనీలకు నూటికి 5 వంతున ప్రభుత్వం వడ్డీ హామీ ఇచ్చింది. లాభం రాకుంటే లోటు భారత ఖజానా పూడ్చవలసిందే. అమెరికా కూడా ఇంగ్లండు మూలధనంతోనే రైలు మార్గాలు వేసుకొన్నది గదా అని వాదించినవారికి నౌరోజీ సూటిగా బదులు చెప్పారు. అమెరికావారు వడ్డీ మాత్రం పంపుతారు. ఉద్యోగాలు, జీతాలు, అనుభవం, తక్కిన లాభం అక్కడనే నిలుస్తాయి. భారతదేశంలో పెద్ద జీతాలు సైతం సముద్రం దాటుతాయి. మైసూరు సంస్థానంలోని బంగారు గనులను గురించి కూడా ఆయన ఇదే మాట అన్నారు: బంగారం పరదేశపు వాటాదారులకు, కూలి డబ్బులు ఇక్కడివారికి. ఆ కోలారు గనులలో దిగినవారిలో తెలుగువారు చాలామంది.

ఇక్కడ గమనింపదగినది, పరదేశీయుల మూలధనమంటే ఆయనకు ద్వేషం లేదు. తానే పరదేశంలో కంపెనీ పెట్టినవాడు. లాభం పుట్టినచోట ఎంత నిలుస్తున్నది, ఎంత తరలిపోతున్నది అన్నదొక్కటే ఆయన అడిగింది.

1876లో చదివిన వ్యాసాలలో ఆయన భారతీయుని తలసరి ఆదాయం ఏడాదికి 20 రూపాయలని తేల్చారు. ఖైదీలకు, ప్రవాస కూలీలకు అధికారులు నిర్ణయించిన భోజన వస్త్రాలను లెక్కగట్టి, మనిషికి కనీసం 34 రూపాయలు కావాలని చూపారు. స్వేచ్ఛగా తిరిగే రైతుకంటె చెరసాలలోని ఖైదీ మేలుగా తింటున్నాడన్నది ఆ అంకెల అర్థం. 1882లో ప్రభుత్వంవారు తలసరి 27 రూపాయలని మరొక లెక్క వేశారు. ఆ లెక్కను నమ్మినా 34కు అందదు.

ఆయన లెక్కలలో లోపాలు లేకపోలేదు. పంటలు, గనులు, వస్తువులు మాత్రమే సంపదగా పరిగణించి, సేవలను విడిచిపెట్టారు. రైళ్లవల్ల సంపద పెరిగిందని ఇండియా ఆఫీసు ఉద్యోగి డాన్వర్స్ వాదిస్తే, పంజాబు గోధుమను బొంబాయికి చేర్చినంత మాత్రాన ఒక్క గింజైనా పెరగదని నౌరోజీ సమాధానమిచ్చారు. వినడానికి గట్టి జవాబే. నేటి అర్థశాస్త్రం దీనిని అంగీకరించదు. కాని సర్కారు అంకెలతోనే సర్కారును నిలదీసే మార్గం చూపినవాడు ఆయనే.

బరోడా దివానుగా గడిపిన కొద్దికాలం, బొంబాయి పురపాలక సంఘంలో చేసిన సేవ ఇక్కడ వివరింపను. 1886లో పార్లమెంటుకు పోటీచేసి ఓడారు. 1888లో ప్రధాని సాలిస్‌బరీ ఒక సభలో ఆయనను నల్లవాడని తూలనాడగా, ఆ మాటే ఆయన పేరును ఇంగ్లండు అంతటా వ్యాపింపజేసింది. 1892లో సెంట్రల్ ఫిన్స్‌బరీ నియోజకవర్గంనుండి 5 ఓట్ల ఆధిక్యంతో గెలిచారు. నౌరోజీ అనే పేరు పలకడం చేతగాని ఆంగ్లేయులు, ఆ స్వల్ప ఆధిక్యాన్ని పట్టుకొని ఆయనను నారో మెజారిటీ అని వేళాకోళమాడారు. 1895లో ఆ స్థానం పోయింది. అదే ఏడు భారతదేశ వ్యయాలను విచారించే వెల్బీ కమిషన్‌లో ఆయన సభ్యుడైనారు.  విచారించేవారి వరుసలో కూర్చుండి, తానే సాక్షిగా కూడా నిలిచి, పాత లెక్కలన్నీ మళ్లీ వినిపించారు. కమిషన్‌లో అధికసంఖ్యాకులు ఆయన వాదాన్ని అంగీకరింపలేదు. నౌరోజీ మరి ఇద్దరు సభ్యులతో కలిసి భిన్నాభిప్రాయం వ్రాసి ఊరుకొన్నారు.

ఊరుకొన్నారన్నానుగాని, అది నిజం కాదు. 1901లో, డెబ్బది ఆరేండ్ల వయస్సులో, ఆ ప్రసంగాలను, పట్టికలను, ఇండియా ఆఫీసుతో జరిపిన ఉత్తర ప్రత్యుత్తరాలను కూర్చి లండన్‌లో ఉద్గ్రంథంగా ప్రచురించారు. దాని పేరులోనే భారతదేశ దారిద్ర్యం, బ్రిటిష్ ధర్మానికి తగని పాలన అన్న రెండు మాటలను పక్కపక్కన నిలిపారు. ఆంగ్ల ప్రజలకు నిజం తెలిస్తే న్యాయం చేస్తారని ఆయన అర్ధశతాబ్దం నమ్మారు. ఆ నమ్మకం అతిగా సాగిందని నా అభిప్రాయం.

1906లో కలకత్తా కాంగ్రెసుకు మూడవసారి అధ్యక్షత వహించినప్పుడు ఆయనకు ఎనుబది యొక్క ఏండ్లు. గొంతు పెగలక పోవడంచేత ప్రసంగాన్ని గోఖలే చదివి వినిపించారు. స్వరాజ్యం అన్న మాట ఆ వేదికపై ఆ ప్రసంగంలో వెలువడింది. మరుసటి ఏడు స్వదేశానికి తిరిగివచ్చి, బొంబాయి సమీపాన వెర్సోవా సముద్రతీరంలో నివసించారు. 1917 జూన్ 30వ తేదీన బొంబాయిలో కన్నుమూశారు. అప్పటికి కౌన్సిల్ బిల్లులు లండన్‌లో అమ్ముడవుతూనే ఉన్నాయి.